యానాం ఇళ్ళలోని పాత సామాను

యానాం పేరు చెప్పగానే ఖరగ్‌పూర్‌లోని మన తెలుగువారు రెండు మాటలు తప్పక అంటారు. ఒకటి, అది ఫ్రెంచివారు ఏలిన ఊరు. రెండు, అది కల్యాణపురం. రెండూ నిజమే. ఆ ఊళ్ళో పుట్టి, బ్రతుకుతెరువు కోసం రైల్వే గుమాస్తాగా ఇంత దూరం వచ్చిన నాకు మూడవ మాట ఒకటి చెప్పాలని ఉన్నది. ఊరి చరిత్ర కొంత దస్తావేజులలో ఉంటుంది, కొంత అటకల మీద ఉంటుంది. దస్తావేజులను చదివి వ్రాసే పండితులు మనకు ఉన్నారు. అటక మీది బిందెను, కుంచాన్ని, బొంతను చదివేవారు తక్కువ. ఈ ఉగాది సంచికలో ఆ సామాను సంగతి, అటువంటి దానిని కూర్చి దాచినవారి సంగతి నాకు తెలిసినంత మనవి చేస్తాను.

గుడ్డ కోసం వచ్చిన దొరలు

గౌతమీ గోదావరి సముద్రంలో కలిసే దారిలో, కోరంగి పాయ విడిపోయే చోట యానాం ఉన్నది. ఫ్రెంచి కంపెనీవారు 1723లో ఇక్కడ వర్తకశాల పెట్టినారు. లాభం లేదని 1727లో ఎత్తివేసి, 1731లో మళ్ళీ వచ్చినారు. ఇంగ్లీషువారు పలుమార్లు పట్టుకొని విడిచిపెట్టిన తరువాత, 1814 నాటి పారిస్ ఒప్పందం మీదట అది ఫ్రెంచివారికే దక్కినది. 1954 జూన్ 13న ఊరు విముక్తి పొందినది. ఆ సంవత్సరం నవంబరు 1న పరిపాలన భారత ప్రభుత్వానికి వచ్చినది. చట్టరీత్యా విలీనం 1962 ఆగస్టు 16న జరిగినది.

ఇంత తగవు ఈ చిన్న రేవు కోసం ఎందుకు జరిగినదని అడిగితే, మొదటి జవాబు మన చేనేత గుడ్డ. పక్కనే ఇంజరంలోను, నీలపల్లిలోను ఇంగ్లీషువారు కాచుకొని కూర్చున్నదీ ఆ గుడ్డ కోసమే. ఈ తీరం మీది అద్దకపు గుడ్డ మీద యూరపు ఇల్లాళ్ళకు ఎంత మోజు పుట్టినదంటే, తమ దేశపు నేతగాళ్ళు దెబ్బతింటారని ఫ్రాన్సు ప్రభుత్వం 1686లో దానిని నిషేధించినది. ఆ నిషేధం 1759 వరకు తొలగలేదు. మచిలీపట్నం వైపున తయారైన కలంకారీ పక్కదుప్పట్లు నేటికీ లండనులోని విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియంలోను, ఇతర దేశాల మ్యూజియములలోను పదిలంగా ఉన్నవి. అద్దాల వెనుక, చీకటి గదుల్లో, రంగు వెలియకుండా కాపాడుతున్నారు.

అది మనకు సంతోషమే. అయితే అటువంటి గుడ్డల పక్కన ఉండే చీటీ చదవండి. సాధారణంగా ‘కోరమాండల్ తీరం’ అని, ఒక శతాబ్ది అంకె, అంతే ఉంటుంది. నూలు వడికిన అమ్మ ఎవరో, నేసినవాడు ఎవరో, చాయవేరు రంగులో ఉడికించినవాడు ఎవరో, ఏ ఊరో, ఏ రేవులో ఓడ ఎక్కినదో ఆ చీటీలో ఉండదు. వస్తువు బ్రతికినది, దానిని చేసిన మనిషి జాడ పోయినది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినదంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది.

రంగం ప్రయాణం

యానానికి చేరువనే కోరంగి ఉన్నది. ఒకప్పుడు టేకు ఓడలు కట్టిన పెద్ద రేవు. 1839 నవంబరులో వచ్చిన తుఫాను ఉప్పెనతో ఆ రేవు చాలావరకు నాశనమైనది. అయినా దాని పేరు సముద్రం దాటి నిలిచినది. ఈ తీరం నుండి బర్మాకు కూలికి, వర్తకానికి వెళ్ళిన తెలుగువారిని అక్కడివారు ‘కోరంగీలు’ అని పిలిచినారు. మనవారు రంగూనును ‘రంగం’ అన్నారు. మా ప్రాంతంలో పెద్దవాళ్ళు ‘వాడు రంగం పోయినాడు’ అంటే, బ్రతుకు వెతుక్కుంటూ ఇల్లు విడిచినాడని అర్థం.

వలసపోయేవాడికి ఒక పెట్టె, ఒక చాప, ఒక మరచెంబు. మరచెంబు మూత బిగిస్తే నీళ్ళు ఒలకవు గనుక ప్రయాణీకునికి అది ప్రాణం. రంగంలో పది, ఇరవై ఏళ్ళు కష్టపడి కూడబెట్టుకున్న సామాను మాత్రం తిరిగి రాలేదు. 1941 డిసెంబరులో రంగూను మీద జపానువారి బాంబులు పడినవి. 1942లో లక్షలాది భారతీయులు అడవులగుండా, కొండలగుండా కాలినడకన బయలుదేరినారు. మోయగలిగినదే వారి ఆస్తి. దారిలో ఆ మోతను కూడ విడిచినవారు ఎందరో. మళ్ళీ 1962 తరువాత బర్మా ప్రభుత్వం దుకాణాలను, వ్యాపారాలను జాతీయం చేసినప్పుడు మిగిలినవారిలో చాలామంది తిరిగి వచ్చినారు. అప్పుడూ దాదాపు ఉత్తచేతులతోనే.

ఈ మాట మన సంఘంలో చెప్పవలసిన అవసరం ఉన్నది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఇక్కడికి వచ్చిన మన పూర్వులు కూడ ఒక ట్రంకు పెట్టెతోనే దిగినారు. ఆ పెట్టెలో ఏమి వచ్చినదో, ఏమి ఊళ్ళో విడిచినారో చెప్పగల పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. స్థిరంగా ఉన్న ఊళ్ళో వస్తువు పోయినా దాని కథ ఇరుగుపొరుగు నోట కొన్నాళ్ళు నిలుస్తుంది. వలసవచ్చినవారి ఇంట్లో రెండూ ఒకేసారి పోతాయి.

పేరు కొట్టించిన బిందె

ఇక కల్యాణపురం సంగతి. బాల్యవివాహాలను అరికట్టే శారదా చట్టం 1929లో వచ్చి, 1930 ఏప్రిల్ 1 నుండి బ్రిటిష్ ఇండియాలో అమలైనది. ఆడపిల్లకు 14, మగపిల్లవానికి 18 ఏళ్ళు నిండాలి. యానాం ఫ్రెంచివారిది గనుక ఆ చట్టం అక్కడ చెల్లదు. చుట్టుపక్కల జిల్లాలవారు పిల్లలను బండ్లలోను, పడవలలోను తెచ్చి యానాంలో పెళ్ళిళ్ళు చేసి పోయేవారు. అందువల్లనే ఊరికి కల్యాణపురం అనే పేరు. ఈ పేరును మనం నవ్వుతూ చెప్పుకుంటాము. ఆ పందిళ్ళలో కూర్చున్న పిల్లలకు అందులో నవ్వవలసినది ఏమీ లేదు.

పెళ్ళిలో సారె పెట్టే ఇత్తడి, కంచు సామాను మీద పిల్ల పేరు కొట్టించడం మన ఆచారం. చిన్న ఉలితో చుక్క పక్కన చుక్కగా అక్షరాలు పొడుస్తారు. మా ఇంట్లో అటువంటి బిందె ఒకటి ఉన్నది. మెడ కింద ఒక ఆడపిల్ల పేరు, ఇంటిపేరు. మా ఇంట ఆ పేరుగలవారు ఎవరూ లేరు. చిన్నప్పుడు మా నాయనమ్మను అడిగితే చెప్పినది. ఆమె నాయనమ్మకు అక్క. ఆ చట్టం వచ్చిన కొద్ది సంవత్సరాలకు, తొమ్మిదవ ఏట, మా ఊళ్ళోనే పెళ్ళి అయినది. కాపురానికి వెళ్ళకముందే వరుడు జ్వరంతో పోయినాడు. సారె సామాను పుట్టింటికి తిరిగి వచ్చినది. ఆమె వెనుక వసారాలో ఉండి, ఇంటిల్లిపాదికీ నీళ్ళు మోసి, ముప్పై ఏళ్ళు నిండకముందే కన్నుమూసినది. ఫోటో లేదు. ఆమె పేర ఇల్లు లేదు, పొలం లేదు. ఆమె ఉన్నట్లు సాక్ష్యం చెప్పేది ఆ బిందె ఒక్కటే. స్టీలు గిన్నెలకు పాత ఇత్తడి మారకం వేసే వర్తకుడు వచ్చినప్పుడు నాయనమ్మ గంగాళం ఇచ్చినది, గుండిగలు ఇచ్చినది, ఇది మాత్రం ఇవ్వలేదు.

ఈ సంగతి మా ఇంటి గొప్పగా చెప్పడం లేదు. మీ ఇళ్ళలోనూ పేరు కొట్టిన చెంబులు, పళ్ళేలు ఉంటాయి. మన ఆడవారి పేర్లు పొలం కాగితాలలో అరుదు, ఇత్తడి మీద విస్తారం. మరొక సంగతి. చింతపండుతో, ఇటుకపొడితో తోమి తోమి ఆ చుక్కలు అరిగిపోతున్నవి. మెరుపు కోసం అక్షరాన్ని పోగొట్టుకోకండి. అటువంటి సామానును మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలును.

కూర్చినవారు కొందరు

ఇంటి సామానును కూర్చి దాచడం పిచ్చిపని అనుకునేవారు మనలో ఉన్నారు. ఇతర దేశాలలోనూ మొదట అలాగే అనుకున్నారు. అమెరికాలో ఫిలడెల్ఫియాకు చేరువలో డోయిల్స్‌టౌన్ అనే ఊరున్నది. అక్కడి హెన్రీ మెర్సర్ పురావస్తు త్రవ్వకాలు చేసిన విద్వాంసుడు. 1897లో ఆయన పొయ్యి దగ్గర వాడే పట్టకారు వంటి పాత పనిముట్లు కావాలని ఒక పాత సామాను వర్తకుని దగ్గరకు వెళ్ళినాడు. అక్కడ గుట్టగా పడి ఉన్న రాట్నాలు, నార తీసే పనిముట్లు, బండి సామాను చూసి, తాను భూమిలో త్రవ్వి వెతికే చరిత్ర ఇక్కడ భూమి మీదనే పారవేయబడి ఉన్నదని గ్రహించినాడు. నాటి నుండి పల్లెలు తిరిగి దాదాపు 60 చేతివృత్తుల పనిముట్లు కూర్చి, వాటికై కాంక్రీటుతో పెద్ద భవనం కట్టించినాడు. 1916లో అది పూర్తి అయినది. యంత్రాలు వచ్చి చేతిపనులు మూలబడిన రోజులవి. మరొక తరం ఆగి ఉంటే వాటి పేర్లు చెప్పేవారు మిగిలేవారు కారు.

ఆ దేశపు ఇల్లాళ్ళు గుడ్డముక్కలు కలిపి కుట్టిన బొంతలను 1971లో న్యూయార్కులోని విట్నీ మ్యూజియంలో గోడలకు వ్రేలాడదీసి, పెద్ద చిత్రకారుల పటాలతో సమానంగా ప్రదర్శించినారు. మన అమ్మమ్మలు పాత చీరలు పొరలుగా వేసి, వరుస కుట్లు కుట్టి చేసిన బొంత దానికి అక్కచెల్లెలే.

అంత దూరం పోనక్కరలేదు. మనం ఉంటున్న బెంగాలులోనే గురుసదయ దత్తు అనే ఐ.సి.ఎస్. అధికారి ఉండేవారు. 1941లో మరణించారు. జిల్లాలు ఏలే ఉద్యోగంలో ఉంటూనే పల్లెపల్లెకు వెళ్ళి కాంథాలు, పటాలు, బొమ్మలు, చెక్కిన తలుపులు సేకరించినారు. ఆయన సేకరణతోనే కలకత్తా వద్ద జోకాలో మ్యూజియం ఏర్పడినది. పూనాలో దినకర్ కేల్కర్ అనే కవి దీపాలు, తాళాలు, అడకత్తెరలు, వంటపాత్రలు వేలకొద్ది కూర్చి, చిన్నతనంలో పోయిన తన కుమారుని పేరు ఆ మ్యూజియమునకు పెట్టి, 1975లో మహారాష్ట్ర ప్రభుత్వానికి అప్పగించినారు.

మన తెలుగుదేశానికి ఆ పని చేసినవారిలో ముఖ్యులు జగదీశ్ మిత్తల్, కమల దంపతులు. వారు పుట్టుకతో తెలుగువారు కారు. శాంతినికేతనంలో చిత్రకళ అభ్యసించి, 1950 ప్రాంతాల హైదరాబాదు వచ్చి స్థిరపడినారు. ధనవంతుల అభిరుచికి తగిన చిత్రాలతో పాటు, మన తెలంగాణ నకాషీ పటాలు, కంచు బొమ్మలు, గుడ్డలు కూడ కండ్లకద్దుకొని కూర్చినారు. 1976లో తమ సేకరణను ఒక ధర్మసంస్థకు ఇచ్చివేసినారు. మిత్తల్‌గారు 2025 జనవరిలో, నూరవ ఏట పరమపదించారు. పరాయి ప్రాంతం నుండి వచ్చినవారు మన సొమ్మును అంతగా ప్రేమించినారు. పరాయి ప్రాంతంలో ఉన్న మనం మన సొమ్మును ఎంత ప్రేమిస్తున్నాము?

వస్తువుతో పోయే మాట

వస్తువు పోతే దాని వెంట మాట కూడ పోతుంది. గోదావరి సీమలో చాలాచోట్ల 4 గిద్దెలు ఒక సోల, 2 సోలలు ఒక తవ్వ, 2 తవ్వలు ఒక మానిక, 4 మానికలు ఒక కుంచం. అంటే కుంచానికి 64 గిద్దెలు. 4 కుంచాలు ఒక తూము. పాలేరు జీతం, పురోహితుని సంభావన, కుమ్మరికి, చాకలికి కళ్ళంలో కొలిచే మేర అంతా ఈ కొలతలోనే జరిగేది. ఫ్రాన్సు దేశంలో 1795లో చట్టమైన మెట్రిక్ కొలతలు మన దేశానికి 1956 చట్టంతో వచ్చినవి. లెక్కకు అవి సుళువు, అందులో సందేహం లేదు. కుంచం మాత్రం అటక ఎక్కినది. నేడు మన పిల్లలను ‘సోలెడు’ అంటే ఎంత అని అడిగి చూడండి.

ఈ నష్టాన్ని ముందుగా కనిపెట్టిన మహనీయుడు ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు. ఆయన సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీవారు మాండలిక వృత్తి పదకోశం వెలువరించినారు. 1962లో వ్యవసాయ పదాలు, 1971లో చేనేత పదాలు వచ్చినవి. రైతును, నేతగానిని అడిగి, నాగలిలోను మగ్గంలోను ప్రతి భాగానికీ ఏ జిల్లాలో ఏ పేరున్నదో వ్రాసుకున్నారు. అదీ ఒక సేకరణే. దానికి గిడ్డంగి అక్కరలేదు, నోటుపుస్తకం చాలును.

పని విధానం కూడ మాటలోనే ఉన్నది. యలమంచిలి దగ్గర ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణి మీద తిప్పుతూ, తిరిగే కర్రకు రంగు లక్కను అదిమి పెడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు అంటుకుంటుంది. పిమ్మట మొగలి ఆకుతో నునుపు చేస్తారు. మన ఆడపిల్లలు ఆడుకున్న లక్కపిడతలు అలా పుట్టినవే. ఇత్తడి వంటపాత్రకు కళాయి వేసేవాడు పాత్రను కాల్చి, నవాసారం చల్లి, తగరం ముక్క రాచి, దూదితో ఒక్క విసురులో పాత్ర అంతా పూస్తాడు. ఆ పూత లేనిదే పులుసు చిలుమెక్కి విషమవుతుంది. ఇవి చూసినవారు మనలో ఇంకా ఉన్నారు. చూసినది వ్రాసి పెట్టినవారు ఎందరు?

రుబ్బినవారి మాట

ఇక్కడ ఎదురుమాట ఒకటి చెప్పకపోతే న్యాయం కాదు. పాత వస్తువులను గూర్చి నేను ఉత్సాహంగా మాట్లాడుతుంటే మా అమ్మ ఒకసారి అన్నది: “రోలు పోయిందని ఏడ్చేవాడు ఒక్కరోజూ రుబ్బినవాడు కాడు.” ఆ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. తెల్లవారుజామున తిరగలి తిప్పిన చేతులకు మిక్సీ దేవుడిచ్చిన వరమే. కుండ చేసిన కుమ్మరికి, బుట్ట అల్లిన మేదరికి, ఇత్తడి పోసిన కంచరికి వారి పనికి తగిన కూలిగాని, పనికి తగిన మర్యాదగాని ఎన్నడూ దక్కలేదు. పాత రోజులు తిరిగి రావాలని కోరేవాడు ఈ లెక్క మరచినవాడు.

అందుచేత రోలును దాచమనడం మళ్ళీ రుబ్బమని కాదు. ఎవరు రుబ్బినారో మరచిపోవద్దని. మరొక జాగ్రత్త కూడ అవసరం. ఈ మధ్య పట్నాలలో హోటళ్ళకు, బంగళాలకు అలంకారంగా పాత తలుపులు, భోషాణాలు, ఉయ్యాల బల్లలు మంచి ధరలకు పోతున్నవి. అక్కరకు అమ్ముకునేవారిని తప్పుపట్టలేము. అమ్మే ముందు ఒక ఫోటో, ఒక పేజీ వివరం వ్రాసుకుంటే వస్తువు పోయినా చరిత్ర ఇంట్లో ఉంటుంది. విదేశాలలో ఉన్న పిల్లలకు పంపదలచినవారు 1972 నాటి పురావస్తు చట్టం తెలుసుకోవాలి. నూరేళ్ళు దాటిన పురావస్తువులను వ్యక్తులు దేశం దాటించడానికి వీలులేదు.

ఒక చిన్న మనవి

రైల్వే పార్సెలు ఆఫీసు చూసినవారికి ఒక సంగతి తెలుసు. పెట్టె ఎంత గట్టిదైనా, లోపల బంగారమే ఉన్నా, దాని మీద చీటీ ఊడిపోతే అది ఎవరిదీ కాదు. ఎక్కడ బయలుదేరినదో, ఎక్కడికి పోవాలో, పంపినవారు ఎవరో, అందుకోవలసినవారు ఎవరో తెలియదు. కొన్నాళ్ళు గోదాములో పడి ఉండి వేలానికి పోతుంది. మన ఇళ్ళలోని పాత సామాను నేడు సరిగా ఆ స్థితిలో ఉన్నది. సామాను ఉన్నది, చీటీ చెప్పగల పెద్దలు ఉన్నారు. రెండవది ముందుగా పోతుంది.

కాబట్టి మన సంఘ సభ్యులకు నా మనవి ఇది. ఈ సంవత్సరం ప్రతి కుటుంబం తమ ఇంట్లోని ఒక్క చేతిపని వస్తువుకు చీటీ వ్రాయాలి. అయిదు వివరాలు చాలును. మీ ఇంట్లో దానిని ఏమని పిలుస్తారు? ఏ ఊరిది? ఎవరు చేసినది, ఏ వృత్తివారు? ఎవరి చేతిలో వాడబడినది? ఎలా మీ దగ్గరకు చేరినది? తెలియని గడిని ఖాళీగా విడవండి, ఊహించి నింపవద్దు. ఊళ్ళో ఉన్న పిన్నికో, మేనత్తకో ఒక ఫోను చేస్తే సగం గడులు నిండుతాయి. ఆ చీటీలన్నీ ఒక పుస్తకంగా కుట్టి సంఘ గ్రంథాలయంలో ఉంచితే, వచ్చే ఉగాదికి ఖరగ్‌పూర్ తెలుగువారి చేతి చరిత్ర కొంతైనా మన చేతిలో ఉంటుంది. మొదటి చీటీగా మా బిందె వివరం నేను వ్రాసి ఇస్తాను. చేసినవారి గడి మాత్రం ఖాళీగా ఉంటుంది. ఏ కంచరి పోత పోసినాడో, ఏ చేయి ఆ చుక్కలు పొడిచినదో చెప్పేవారు మా ఇంట ఇప్పుడు ఎవరూ లేరు.